అంగడి వ్రాయు ఉత్తరము

ముంగారు వానలు సమీపించినప్పుడెల్ల అరకేరలోను, చుట్టుప్రక్కల పల్లెలలోను ప్రతి ఇంటి సెల్‌ఫోనునకు విత్తనముల కంపెనీలనుండి, ఎరువుల అంగళ్ళనుండి, బ్యాంకులనుండి, బట్టల కొట్లనుండి వార్తలు కుప్పలుగా వచ్చి పడుచున్నవి. పట్టణములలో ఉద్యోగములు చేయుచున్న మన పిల్లలకు ఇవియే ఈమెయిలు ఉత్తరములై వచ్చుచున్నవి. ఉదయమున లేచి వానిని చెరిపివేయుట ఒక నిత్యకృత్యమైనది. వచ్చినవానిలో చదువదగినది ఒకటి ఉన్నను, అదియు తక్కిన చెత్తతోపాటే పోవుచున్నది. మన వర్తక సోదరులలో కొందరు ఇప్పుడు ఈ మార్గమునే అనుసరింపబూనుచున్నారు గనుక, ఈ విషయమున మా అభిప్రాయమును మొగమాటము లేక చెప్పుట అవసరమని తలచుచున్నాము.

ముందుగా ఒక మాట. అరకేర రైతు ఈమెయిలు తెరచి చదువునా యని కొందరు నవ్వవచ్చును. చదువడు, అతనికి చేరునది వాట్సాప్ వార్త, లేదా ఫోనులో వినబడు గొంతు. కాని మన కుటుంబములవారు కొందరు బియ్యపు మిల్లులు పెట్టినారు, కొందరు మిరపకాయలు, కందిపప్పు మూటలు కట్టి బెంగుళూరునకు, హైదరాబాదునకు పంపుచున్నారు. వారి సరుకును కొనువారు సంతకు వచ్చి ధాన్యమును అరచేత పోసికొని చూచువారు కారు. దూరమున ఉన్నవారు, చాలమంది ఈ ప్రాంతమునుండియే వెళ్ళిన బిడ్డలు, వారి ఇరుగుపొరుగువారు. వారికిని అంగడికిని నడుమ ఉన్న వంతెన ఉత్తరమొక్కటే. అది పూర్వము తపాలాలో పోయెడిది, నేడు ఈమెయిలుగా పోవుచున్నది. పేరు మారినను పని అదియే.

ఈ ప్రాంతమున మన వర్తకులకు గల పరపతి ఎట్లు కలిగినదో తలచుకొనుట మంచిది. 1956 నవంబరు 1వ తేదీన రాష్ట్రముల పునర్విభజన జరిగినప్పుడు హైదరాబాదు రాష్ట్రములోని రాయచూరు జిల్లా మైసూరు రాష్ట్రమున చేరినది. గద్వాల, ఆలంపురము తాలూకాలు మాత్రము ఆంధ్రప్రదేశమునకు పోయినవి. ఆనాటికే ఇక్కడ తరతరాలుగా నివసించుచున్న తెలుగు కుటుంబములు ఉన్నవి. 1953లో తుంగభద్ర జలాశయము పూర్తియైన పిదప కోస్తా జిల్లాలనుండి రైతులు వచ్చి సింధనూరు, మాన్వి ప్రాంతములలో క్యాంపులు వేసికొని స్థిరపడినారు. నారాయణపుర కుడికాలువ వచ్చిన పిమ్మట దేవదుర్గ వైపునను సేద్యము విస్తరించినది. ఈ రెండు తెగలవారును కన్నడమువారి నడుమ, ఉర్దూ మాటలాడువారి నడుమ అంగళ్ళు పెట్టుకొని నిలిచినారనిన, అది కేవలము పెట్టుబడి బలముచేత కాదు. ‘ఈ విత్తనము నీ నల్లరేగడికి సరిపడదు, వేరే కొట్టులో ఫలానా రకము దొరకును, అక్కడ కొనుము’ అని చెప్పగలిగిన ముసలి వర్తకుని మాటచేత నిలిచినారు. అట్టివాని కొట్టులో ఉద్దెర వ్రాయించుకొన్న రైతు పంట చేతికి రాగానే ముందుగా అక్కడికే నడచివచ్చి బాకీ తీర్చెడివాడు.

ఆ వర్తకుడు ఎదుట కూర్చుండి చెప్పెను గనుక అతని మొగము చూచి నమ్మినారు. ఉత్తరమునకు మొగము లేదు. కనుక దానిలోని మాటయే మొగము కావలెను. ఇక్కడనే నేటి వర్తకులలో పెక్కురు దారి తప్పుచున్నారని మా అభిప్రాయము. ‘నేడే కొనుడు’, ‘ఈ అవకాశము రేపటివరకే’, ‘యాభై శాతము తగ్గింపు’ అని వ్రాసినదే వ్రాయుచు, వారమునకు మూడుమారులు పంపుచున్నారు. ఆ ఉత్తరము చదివినవానికి కొనిననే తప్ప మరి యే ప్రయోజనమును లేదు. కొననివానికి అది వట్టి కాలహరణము. నూరుమందిలో ఇద్దరు కొన్నారని వర్తకుడు సంతసించును. తక్కిన తొంబదియెనిమిదిమంది తన పేరు కనబడగానే చిరాకుపడుట నేర్చుకొనుచున్నారని అతడు ఎరుగడు.

మనవారికి తెలియని విద్య కాదిది. సంవత్సరాదికి అంగడివారు పంచిపెట్టు గోడ క్యాలెండరును చూడుడు. అందులో తిథి, వారము, నక్షత్రము, రాహుకాలము, పండుగలు, ప్రభుత్వ సెలవులు అన్నియు ఉండును. క్రింద ఒక మూల అంగడి పేరు, ఊరు ఉండును. ఇంటి ఇల్లాలు దానిని వంటింటి గోడకు తగిలించి ఏకాదశి ఎప్పుడో, అమావాస్య ఎప్పుడో దినదినము చూచుకొనును. పాలవాని లెక్క దానిమీదనే గుర్తు పెట్టుకొనును. సంవత్సరము పొడుగున ఆ అంగడి పేరు ఆ ఇంట నిలిచియుండును. ‘మా కొట్టుకు రండు’ అని ఆ క్యాలెండరు ఒక్కమారును అరవదు. పేరు మాత్రమే పెద్ద అక్షరములతో అచ్చువేసి, తిథివారములు లేని కాగితము పంచినచో ఎంతమంది గోడకు తగిలింతురు? ఆ కాగితము పిల్లల పుస్తకములకు అట్టయైనను కాగలదో లేదో.

పరభాషా ప్రాంతమున ఉన్న తెలుగువారి చరిత్రలో ఇట్టిదే గొప్ప ఉదాహరణము కలదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనమును స్థాపించినారు. సంగీత సభలలో దానిని ఉచితముగా పంచిపెట్టి జనులకు అలవాటు చేసినారని ప్రసిద్ధి. తలనొప్పి తగ్గినదా లేదా యని పుచ్చుకొన్నవాడే తెలిసికొనెడివాడు. ఎవరును అతనిని కొనుమని బలవంతపెట్టలేదు. అదే బొంబాయిలో 1908లో వారు ‘ఆంధ్రపత్రిక’ను వారపత్రికగా ఆరంభించినారు; 1914లో చెన్నపట్టణమున అది దినపత్రికయైనది. అంజనము అమ్మగా వచ్చిన ధనము పత్రికను పోషించినది. పత్రిక అంజనమును అమ్ముటకే పుట్టినదని ఎవరును అనజాలరు. అయినను తెలుగు లోకములో ఆ రెండు పేర్లును ఒకదానికొకటి గౌరవము తెచ్చినవి. వ్యాపారము చేయువాడు జనులకు ఏదైన ఇచ్చి, పిదప తన సరుకు పేరు చెప్పినచో దానికి గల విలువ వేరు.

దూరమునుండి తెప్పించుకొనుటలో నమ్మకము ఎట్లు కుదిరినదో తపాలా శాఖ చరిత్రయు చెప్పుచున్నది. మన దేశమున వి.పి.పి. పద్ధతి 1877లో వచ్చినది. కానీకి దొరకు కార్డు 1879లో వచ్చినది. కార్డు వ్రాసిన చాలును, పుస్తకమో, మందో ఇంటికి వచ్చును; వచ్చిన పిమ్మట తపాలా బంట్రోతు చేతికి డబ్బు ఇచ్చిన చాలును. కొనువాడు మోసపోవునను భయమును ఆ పద్ధతి చాలవరకు తీసివేసినది. ముందుగా నష్టపడుటకు సిద్ధమైనవాడు వర్తకుడు. పార్సెలు తిరిగివచ్చినచో కూలి అతనిదే. నేటి ఈమెయిలులో వర్తకునకు అట్టి నష్టభయము లేదు. వేయిమందికి పంపినను పదివేలమందికి పంపినను ఖర్చులో పెద్ద భేదము లేదు. ఇన్ని అనర్థములకును మూలము ఈ చౌకతనమే.

ఈ అనర్థమునకు ఆది ఎప్పుడో చెప్పుట కూడ సాధ్యమే. 1978 మే 3వ తేదీన అమెరికాలో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ అను కంప్యూటరు కంపెనీలో అమ్మకముల పని చూచుచుండిన గ్యారీ థుయర్క్ అను నాతడు తమ కొత్త యంత్రములను గూర్చి ఆర్పానెట్‌లో సుమారు 400 మందికి ఒకే ఉత్తరము పంపెను. వారిలో ఎవరును అడుగలేదు. అనేకులు కోపగించిరి; మరల ఇట్టి పని చేయరాదని ఆ వ్యవస్థ నిర్వాహకులు మందలించిరి. ఆ ఉత్తరమువలన లక్షలకొలది డాలర్ల యంత్రములు అమ్ముడుపోయినవని ఆయన తరువాత చెప్పుకొనెను. నిజమే కావచ్చును. అడుగని ఉత్తరము వలన ఎన్నడును లాభము రాదని మేము వాదించుటలేదు. మొదటివాడు లాభపడును, అతనిని చూచి నూరుగురు వత్తురు, ఆపైన ఎవరి ఉత్తరమును ఎవరును తెరువరు. ఆ మొదటి ఉత్తరమును అనుకరించినవారి పుణ్యముననే నేడు ప్రతి ఈమెయిలు ఖాతాకును ‘స్పామ్’ అను చెత్తబుట్ట ఒకటి అవసరమైనది.

ఆ చెత్తబుట్ట సంగతి మన మిల్లుదారులు బాగుగా తెలిసికొనదగినది. 2024 ఫిబ్రవరినుండి గూగులు, యాహూ సంస్థలు పెద్దమొత్తమున ఉత్తరములు పంపువారికి కొన్ని నిబంధనలు పెట్టినవి. గూగులు లెక్కలో, దినమునకు ఐదువేలు లేక అంతకు మించి తన ఖాతాదారులకు పంపువారు తామెవరో యంత్రమునకు ఋజువగు గుర్తులు ఉంచవలెను. ‘ఇక వద్దు’ అని ఒక్క మీట నొక్కి చెప్పుటకు వీలు కల్పింపవలెను. ఇది చెత్త అని ఫిర్యాదు చేయువారు వేయికి ముగ్గురి లోపుననే ఉండవలెను. మన ఊరి మిల్లు దినమునకు ఐదువేలు పంపదు, నిజమే. కాని చిన్నవారి ఉత్తరములను గూడ ఆ యంత్రము చదువరుల ప్రవర్తననుబట్టియే తూచును. తెరువక చెరిపివేసినవారు, చెత్త అని గుర్తు పెట్టినవారు పెరిగిన కొలదియు, ఆ అంగడి ఉత్తరములు నేరుగా చెత్తబుట్టలోనే పడుట మొదలగును. అటుపిమ్మట బిల్లు పంపినను, సరుకు బయలుదేరినదని పంపినను కొనువాని కంట పడవు. తగ్గింపు ధరల దండోరా వేసి వేసి, కడకు రసీదును గూడ చేర్చలేని దుస్థితి వచ్చును.

ఇక ఉపయోగపడు ఉత్తరమనగా ఎట్లుండవలెనో బియ్యముతోనే చెప్పుదుము. ఈ విషయము మన పాఠకులకు మాకంటె బాగుగా తెలియును గాని, బెంగుళూరులో అపార్టుమెంటు పదవ అంతస్తున కాపురమున్న కోడలికి తెలియదు. కార్తిక మార్గశిరములలో కోసిన పంట బియ్యమును వెంటనే వండినచో అన్నము ముద్దగును. ఆరు నెలలు నిలువ ఉన్న బియ్యమునకు నీరు ఎక్కువ పట్టును, మెతుకు విడివిడిగా నిలుచును. కొత్త బియ్యము పంపినప్పుడు ‘ఇది ఫలానా నెలలో కోసిన పంట, నీరు కొంచెము తగ్గించి పోయుడు, సంక్రాంతికి పొంగలి వండుకొనుటకు ఇది మేలు, దినదినపు అన్నమునకు పాతది మేలు’ అని నాలుగు పంక్తులు వ్రాసినచో ఆ కోడలు రెండవమారు అదే మిల్లును వెదకుకొనును. వ్రాయనిచో, అన్నము ముద్దయైనందుకు మిల్లుదారుని కల్తీ వర్తకుడని తిట్టును. సరుకులో దోషము లేకయే పేరు పోవును.

ఇంకొక సంగతి కలదు. సంచిమీద ‘సోనా మసూరి’ అని అచ్చువేయించి లోపల వేరు రకము పోయుట ఈ వ్యాపారమున ఎంత సాధారణమో చెప్పనక్కరలేదు. బాపట్ల పరిశోధన కేంద్రమువారు 1986లో విడుదల చేసిన బి.పి.టి. 5204, అనగా సాంబ మసూరి, ఈ కాలువల క్రింద విస్తారముగా పండినది. సోనా మసూరి అనునది వేరు రకము. తినువానికి రెండును సన్నబియ్యమే. ఉన్నది ఉన్నట్లు చెప్పుటవలన ఎవరికిని నష్టము లేదు. ఆర్.ఎన్.ఆర్. 15048 అను రకము 2015లో తెలంగాణ సోనా యను పేర విడుదలైనది. అది రక్తములో చక్కెరను కొంత నెమ్మదిగా పెంచునని పరీక్షలలో కనబడినదట. వెంటనే ‘చక్కెర వ్యాధికి మా బియ్యమే మందు’ అని వ్రాయువారు బయలుదేరినారు. ఆ మాట నమ్మి రెండు కంచముల అన్నము తిన్న పెద్దాయనకు ఏమి జరుగునో వైద్యుడు చెప్పవలెను. అట్టి ఉత్తరము వ్రాసిన మిల్లుదారుని మేము మా పాఠకులకు సిఫారసు చేయజాలము, అతడు మనవాడే యైనను.

కోతవేళ వాన పట్టిన సంవత్సరము వచ్చుననుకొనుడు. గింజ రంగు మారును, మరపట్టినప్పుడు నూక ఎక్కువగును. అట్టి ఏడు మిల్లుదారుడు ఏమి వ్రాయవలెను? ‘ఈ సంవత్సరము వాన దెబ్బ తగిలినది, గింజ కొంత విరిగినది, అందుచేత ధర ఇంత తగ్గించినాము, అది అక్కరలేనివారు నిరుటి నిలువ ఉన్నంతవరకు కొనవచ్చును, లేదా వేసవి పంట వచ్చువరకు ఆగవచ్చును’ అని వ్రాయవలెను. ఆగుమని చెప్పుటవలన ఆ నెల అమ్మకము తగ్గును. తగ్గనిండు. అది చదివిన గృహస్థుడు ఆ మిల్లు ఉత్తరమును ఇక ఎన్నడును తెరువక మానడు. మంచి యేడాదిలో ‘ఈసారి గింజ బాగున్నది’ అని అదే మిల్లు వ్రాసినప్పుడు దానికి సాక్ష్యము అవసరము ఉండదు.

విత్తనములు, పురుగుమందులు అమ్మువారి విషయమున ఇది ఇంకను గట్టిగా వర్తించును. అక్కడ పోవునది ఒక మూట బియ్యము కాదు, ఒక సంవత్సరపు సేద్యము. పత్తికి గులాబీ రంగు పురుగు తగిలి ఈ జిల్లా రైతు ఎంత నలిగినాడో మనకు తెలియును. బి.టి. పత్తి 2002లో అనుమతింపబడినప్పుడు ఇక ఆ బాధ తీరినదనుకొన్నారు. కాలక్రమమున ఆ పురుగు దానికి లొంగుట మానినది. ఇప్పుడు శాస్త్రజ్ఞులు చెప్పునది ఏమనగా, చేనిలో లింగాకర్షక బుట్టలు కట్టవలెను. ఒక్కొక్క బుట్టలో రాత్రికి ఎనిమిదేసి రెక్కల పురుగుల చొప్పున వరుసగా మూడు రాత్రులు పడినప్పుడు మందు కొట్టుట ఆరంభింపవలెను. పంటను నెలల తరబడి పొడిగింపక తీసివేయవలెను. దీనిని నాలుగు మాటలలో వ్రాసి సకాలమున రైతు ఫోనునకు పంపిన అంగడివాడు తన మందు సీసాలు కొన్ని అమ్ముడుపోకుండ తానే చేసికొన్నవాడగును. అయినను ఆ రైతు మరుసటి యేడు విత్తనమునకు ఎవరి కొట్టుకు పోవును?

ఇట్టి ప్రయత్నములు మన దేశమున జరుగకపోలేదు. ఎరువులు అమ్ము సహకార సంస్థయైన ఇఫ్కో 2007లో ఎయిర్‌టెల్‌తో కలసి రైతులకు సెల్‌ఫోను ద్వారా మాటలు వినిపించు ఏర్పాటు చేసినది. దినమునకు కొన్ని నిమిషములు స్థానిక భాషలో వాతావరణము, పంటల రోగములు, మార్కెటు ధరలు చెప్పెడివారు. చదువురానివానికి గూడ చెవి ఉన్నది గదా. అదే సంవత్సరము రాయిటర్సు వార్తాసంస్థవారు మహారాష్ట్రలో ధరలు, వాన సూచనలు పంపు మార్కెట్ లైట్ అను సేవను నెలకొల్పిరి. దానికి రైతులే చందా కట్టినారు. ఉచితముగా వచ్చు ప్రకటనలను చెరిపివేయువారే పనికివచ్చు వార్తకు రొక్కమిచ్చి కొన్నారనిన, లోపము ఉత్తరములో ఉన్నదే కాని చదువరిలో లేదని తేలుచున్నది.

అయినను అంతటితో సంబరపడరాదు. ఆ మార్కెట్ లైట్ సేవను మహారాష్ట్రలోని 100 గ్రామములలో పరీక్షించి ఫ్యాఫ్‌షాంప్స్, మింటెన్ అను ఆర్థికవేత్తలు 2012లో ప్రకటించిన పరిశోధనలో, ఆ వార్తలు అందిన రైతులకు ధర అధికముగా ముట్టినట్లు కనబడలేదు. కారణములు ఏమైనను, మన అనుభవమునుబట్టి ఒకటి ఊహింపవచ్చును. రాయచూరు మార్కెటులో పత్తి ధర ఇంత అని తెలిసినంతమాత్రమున, అడ్తి దుకాణమునకు బాకీపడినవాడు సరుకును వేరొకచోటికి తోలుకొని పోగలడా? గుజరాతులో పత్తి రైతులకు, వారడిగిన ప్రశ్నలకు ఫోనులోనే బదులు చెప్పు పద్ధతిని కోల్, ఫెర్నాండో అనువారు పరీక్షించినారు. అక్కడ రైతులు మేలైన మందులకు మారినారు. అంగడివారి సలహామీద ఆధారపడుట తగ్గించుకొన్నారు. ఈ చివరి మాట మన వర్తకులు రెండుమారులు చదువవలెను. రైతుకు అడుగదలచిన ప్రశ్న ఎప్పుడును ఉన్నది. దానికి అంగడి నిజము చెప్పనిచో, నిజము చెప్పువాడు ఫోనులోనే దొరకు కాలమిది. కేంద్రప్రభుత్వమువారి కిసాన్ కాల్ సెంటరు 2004నుండి పనిచేయుచున్నది. 1800-180-1551 సంఖ్యకు పిలిచినచో తెలుగులోను, కన్నడములోను బదులు దొరకును. రాయచూరులోనే వ్యవసాయ విశ్వవిద్యాలయము ఉన్నది. ఈ రెండింటి సలహాలను తన ఉత్తరములో చేర్చి, ‘ఇది మా మాట కాదు, విశ్వవిద్యాలయమువారి మాట’ అని పేరు చెప్పి పంపుటకు ఏ అంగడికిని సిగ్గు అక్కరలేదు.

భాష సంగతి మనకు ముఖ్యమైనది గనుక దానిని విడువజాలము. మనవారికి వచ్చు ఉత్తరములు అధికముగా ఇంగ్లీషున ఉన్నవి. తెలుగున వచ్చునవి యంత్రము అనువదించినవి. ‘ప్రియమైన కస్టమర్’ అని మొదలగును. డెబ్బదియేండ్ల రైతును ఎవరైనను ఎదుటపడి అట్లు పిలుతురా? ‘అయ్యా’ అనియో, పేరు చెప్పి ‘గారికి’ అనియో వ్రాయుట మన మర్యాద. అది రెండక్షరముల ఖర్చు. రెండవ చిక్కు మన ఇండ్లలోనే ఉన్నది. తాతగారు తెలుగు లిపి చదువుదురు. కన్నడ మాధ్యమమున చదువుకొన్న మనుమడు తెలుగు చక్కగా మాటలాడును గాని తెలుగు లిపి కూడబలుకుకొనును. కావున ఇక్కడి రైతులకు పంపు వార్త తెలుగున ఒకమారు, కన్నడమున ఒకమారు ఉండుట న్యాయము. కన్నడిగులైన కొనుగోలుదారులు మనవారికంటె అధిక సంఖ్యాకులు. వారికి వారి భాషలో వ్రాయుట మర్యాదయు, వ్యాపారమును. చదువురాని ఇల్లాండ్రకు అంగడివాడు తన గొంతుతోనే ఒక నిమిషము చెప్పి పంపవచ్చును. ఆ గొంతు వారికి తెలిసినది.

ఇన్ని చెప్పినారు గాని, కొట్టు తెరచి మూసి లెక్కలు వ్రాసికొనుటకే ప్రొద్దు చాలని చిన్న వర్తకుడు ఇవన్నియు ఎప్పుడు వ్రాయునని ఆక్షేపింపవచ్చును. వారమునకు మూడు ఉత్తరములు వ్రాయుమని మేము చెప్పలేదు. విత్తుటకు ముందు ఒకటి, పురుగు కాలమున ఒకటి, కోత వేళ ఒకటి. మిల్లుదారునకు కొత్త పంటకు ఒకటి, పాతబియ్యము సిద్ధమైనప్పుడు ఒకటి. ఇంట చదువుకొన్న కొడుకో కూతురో ఉన్న సాయంత్రము అరగంట పని. ధర వ్రాయుట తప్పు కాదు. ధర తెలియవలెననియే పెక్కురు ఉత్తరము తెరతురు. తగ్గింపు ఉన్నచో ఉన్నదని చెప్పవచ్చును. లేని గడువును కల్పించి ‘రేపటివరకే’ అని తొందరపెట్టరాదు. ప్రశ్న అడిగినవానికి బదులు వ్రాయవలెను. బదులు వ్రాయుటకు వీలులేని చిరునామానుండి పంపిన ఉత్తరము తలుపు మూసి లోపలనుండి కేకవేసినట్లుండును.

మరియొకటి, అనుమతి. రసీదు వ్రాయుటకని తీసికొన్న ఫోను సంఖ్యకు ప్రకటనలు పంపుట ఒక పనికి ఇచ్చినదానిని వేరొక పనికి వాడుటయే. టెలికాం నియంత్రణ సంస్థ 2018లో దీనిని గూర్చి నిబంధనలు చేసినది. ప్రకటనల పిలుపులు, పొట్టి వార్తలు వద్దనుకొనువారు 1909 సంఖ్యకు తెలుపవచ్చును. 2025లో చేసిన సవరణ ననుసరించి పొట్టి వార్త పంపినవాని పేరు చివర ప్రకటన యైనచో ‘పి’, సేవ యైనచో ‘ఎస్’, లావాదేవీ యైనచో ‘టి’, ప్రభుత్వపు వార్త యైనచో ‘జి’ అను ఇంగ్లీషు అక్షరము ఉండవలెను. పెద్దలు దీనిని గుర్తుపెట్టుకొనినచో బ్యాంకు పేర వచ్చు మోసపు వార్తలను కొంతవరకు పసిగట్టవచ్చును. వ్యక్తుల వివరముల రక్షణకు 2023లో పార్లమెంటు చట్టము చేసినది. దాని నియమములు 2025 నవంబరులో ప్రకటింపబడి దశలవారీగా అమలునకు రావలసియున్నవి. ఎందుకొరకు వివరములు అడుగుచున్నామో చెప్పి, ఒప్పుదల పొంది, ఆ పనికే వాడవలెననుట దాని సారము. ఒప్పుకొన్నవాడు పిదప వద్దనవచ్చును. వద్దన్నవాని పేరును ఆనాడే కొట్టివేయవలెను.

ఇది మన సంఘమునకును తగులును. సంఘము వద్ద సభ్యకుటుంబముల పట్టిక ఉన్నది. పండుగ చందాల పట్టిక ఉన్నది. బిడ్డల వివాహముల కొరకు తలిదండ్రులు ఇచ్చిన వివరములు ఉన్నవి. ఊరు, ఫోను, పిల్లల ఉద్యోగములు, వారి ఈమెయిలు చిరునామాలు అన్నియు అందులో కలవు. ఏ వర్తకునకైనను అది బంగారు గని. ‘మనవాడే గదా, మనవారి అభివృద్ధికే గదా’ యని దానిని అడుగువారు ఉందురు. చందా ఎక్కువ ఇత్తుమని చెప్పువారును ఉందురు. ఇవ్వరాదని మా నిశ్చితాభిప్రాయము. ఆ కుటుంబములవారు సంఘమును నమ్మి ఇచ్చినారు గాని అంగడిని నమ్మి ఇచ్చియుండలేదు. అల్పసంఖ్యాకుల సంఘమునకు ఆస్తిపాస్తులు తక్కువ. సభ్యులు తమ ఇంటి సంగతులు దాచక చెప్పుకొనుటయే దాని బలము. ఒక్కమారు పట్టిక బయటికి పోయినదని తెలిసినచో, మరుసటి జనాభా లెక్కలప్పుడు మాతృభాష వివరములు సేకరించుటకు పోయినను, తెలుగు పాఠశాల కొరకు సంతకములు అడుగుటకు పోయినను తలుపు తెరువరు.

వర్తక సోదరులకు వేరు మార్గము లేకపోలేదు. తాము వ్రాయదలచిన ఉత్తరమును ముందుగా ఈ పత్రికకు పంపవచ్చును. విత్తనమును గూర్చి గాని, బియ్యమును గూర్చి గాని, కొనకపోయినను చదువరికి అక్కరకు వచ్చు మాట అందులో ఉన్నచో, అంగడి పేరుతోనే ప్రకటించెదము. దాని క్రింద ఆ అంగడి ఈమెయిలు చిరునామాను, వాట్సాప్ సంఖ్యను అచ్చువేయుదుము. మరల అట్టి ఉత్తరములు కావలెననుకొను కుటుంబములవారు తామే వ్రాసి తమ పేరు చేర్పించుకొందురు. ఆ విధముగ వచ్చిన పేర్లు ఇరువదియే కావచ్చును. ఆ ఇరువదిమందికి ముంగారునకు ముందు మొదటి ఉత్తరము పోవుటకు ఇంకను వ్యవధి ఉన్నది.